పెంచుకోవడానికి ప్రేమ ఒక్కటే చాలునా?



మన ఇళ్ళలో మనుషులు ఒంటరిగా ఎన్నడూ కాపురం చేయలేదు. గడప దగ్గర కుక్క, పాకలో గేదె, గంప కింద కోడి, పొయ్యి పక్కన పిల్లి. వీటి మధ్యనే మన తాతముత్తాతలు పుట్టి పెరిగారు. ఇళ్ళను ఆశీర్వదించడానికి వెళ్ళే గురువును ఈనాటికీ చాలా ఇళ్ళలో మొదట పలకరించేది ఆ ఇంటి కుక్కే. కాకపోతే ఆ పలకరింపు కొంచెం గట్టిగా ఉంటుంది.

కొన్నేళ్ళుగా మాత్రం మన పట్టణాల్లో కొత్త చుట్టాలు దిగుతున్నారు. చెవి దగ్గర ఎర్రచార ఉన్న రూపాయి బిళ్ళంత తాబేళ్ళు, దక్షిణ అమెరికా ఇగువానాలు, ఆఫ్రికా బూడిదరంగు చిలుకలు, ఆస్ట్రేలియా అడవుల్లో కొమ్మ నుండి కొమ్మకు గాలిలో తేలిపోయే షుగర్ గ్లైడర్లు, చివరకు కొండచిలువ పిల్లలు కూడా. ఒకప్పుడు జూకు వెళ్ళి టికెట్టు కొని చూసినవి ఇప్పుడు పక్కింటి గాజుపెట్టెలో కనిపిస్తున్నాయి. పిల్లలు వాటిని సెల్‌ఫోనులో చూస్తారు, చూసి కావాలంటారు.

మా విచారణలో ఒక తండ్రి అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. పదవ తరగతి చదివే ఆయన కొడుకు ఇగువానా కొనిపెట్టమని రెండు నెలలుగా పట్టుబట్టాడట. ఉడుముపట్టు అంటే ఏమిటో ఇప్పుడు తెలిసిందని ఆయన నవ్వారు. కుర్రవాడు బుద్ధిమంతుడు, వీధిలో గాయపడ్డ కుక్కపిల్లను ఇంటికి తెచ్చి కట్టు కట్టేవాడు. “ఫాదర్ గారూ, కొనివ్వడం తప్పంటారా? మావాడు దాన్ని ప్రాణంలా చూసుకుంటాడు. ఆ మాటకు నేను పూచీ” అన్నారాయన.

ఆ మాటను నేను నమ్ముతాను. కుర్రవాడు దాన్ని నిజంగానే ప్రాణంలా చూసుకుంటాడు. జంతువులను హింసించేవారి గురించి వ్యాసం రాయడం తేలిక, వారు చేసేది తప్పని అందరికీ తెలుసు. ప్రేమించేవారి సంగతే కష్టం. మనస్ఫూర్తిగా ప్రేమించి కూడా ఒక ప్రాణికి అన్యాయం చేయగలమా? మన ముందున్న ప్రశ్న అది.

ముందు చట్టం సంగతి చెప్పి పక్కన పెడదాం. మన దేశపు వన్యప్రాణుల సంరక్షణ చట్టం 1972 నాటిది. దాని ప్రకారం మన రామచిలుకను పంజరంలో పెట్టడం నేరం. ఈ సంగతి మన భక్తుల్లో చాలామందికి తెలియదు. విదేశీ జంతువుల విషయంలో చాలాకాలం ఆ చట్టం మౌనంగానే ఉంది. 2020లో కేంద్రప్రభుత్వం, ఇలాంటివి ఎవరి దగ్గర ఉన్నా స్వచ్ఛందంగా చెప్పండి, శిక్ష ఉండదు అని ప్రకటిస్తే వేలాదిమంది ముందుకు వచ్చారు. 2022లో చట్టాన్ని సవరించారు. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న విదేశీ జంతువులను పెంచేవారు వాటిని నమోదు చేయించుకోవాలనీ, పిల్లలు పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలియజేయాలనీ 2024లో నియమాలు వచ్చాయి. ఇగువానా కూడా ఆ జాబితాలోనిదే. అంటే కాగితాలు సక్రమంగా ఉంటే పెంచుకోవచ్చు. కానీ “పెంచుకోవచ్చు” అన్నది పోలీసుకు సరిపోయే జవాబు. తండ్రికి సరిపోయే జవాబు కాదు.

జంతువును పెంచుకోవడమే తప్పా అంటే, కానే కాదు. దివ్యగ్రంథంలో పెంపుడు జంతువు ప్రస్తావన ఎంత మృదువుగా ఉందో చూడండి. దావీదు రాజు పాపాన్ని ఎత్తిచూపడానికి నాతాను ప్రవక్త ఒక పేదవాని కథ చెప్పాడు. వానికి ఉన్నదల్లా ఒక్క గొఱ్ఱెపిల్ల. అది వాని కంచంలో తిన్నది, వాని గిన్నెలో త్రాగింది, వాని ఒడిలో పడుకుంది, వానికి కూతురులా ఉంది. ఒక ధనవంతుడు దాన్ని లాక్కుని వండించాడు. కథ విన్న దావీదు మండిపడ్డాడు. ఒక గొఱ్ఱెపిల్ల మీద అంత మమకారం ఏమిటని ప్రవక్తా నవ్వలేదు, రాజూ నవ్వలేదు. తోబీతు గ్రంథంలోనూ తోబియా ప్రయాణానికి బయలుదేరితే, వెంట దేవదూతతోపాటు వాళ్ళ కుక్క కూడా నడిచింది. ఆ కుక్క కథలో చేసిన పని ఏమీ లేదు. వెంట నడిచింది, అంతే.

అయితే గొఱ్ఱె, కుక్క, గేదె, కోడి ఒక తరగతి. ఇగువానా మరో తరగతి. ఈ తేడా మన భాషలోనే ఉంది. “మచ్చిక” వేరు, “పెంపుడు” వేరు. అడవిజంతువు పిల్లను తెచ్చి పాలుపోసి చేతికి అలవాటు చేస్తే అది మచ్చిక. ఆ ఒక్కదానితో మొదలై దానితోనే పోతుంది. పెంపుడు జాతి అంటే తరతరాలుగా మనిషి పక్కన పుట్టి, మనిషి పక్కన బ్రతకడానికి తగినట్లు మారిన జాతి. కుక్క మన చెంతకు చేరి కనీసం పదిహేను వేల ఏళ్ళయింది. అందుకే మీరు వేలు చూపిస్తే కుక్క మీ వేలిని చూడదు, మీరు చూపించినవైపు చూస్తుంది. మీ గొంతులో కోపం ఉందో ముద్దు ఉందో దానికి తెలుస్తుంది. దానికి నొప్పి పుడితే మీకు తెలిసేలా చెప్పడం కూడా దానికి వచ్చు.

ఈ మార్పు ఒకరోజులో జరిగేది కాదు. రష్యాలోని నొవొసిబీర్‌స్క్‌లో బెల్యాయెవ్ అనే శాస్త్రజ్ఞుడు 1959లో నక్కలతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ప్రతి తరంలోనూ మనిషిని చూసి బెదరని వాటినే ఎంచి వాటికే పిల్లలు పుట్టించాడు. అలా తరం తరువాత తరం ఎంచుకుంటూ పోతే, కుక్కల్లా తోక ఊపుతూ మనిషి దగ్గరకు వచ్చే నక్కలు తయారయ్యాయి. ఆయన 1985లో పోయినా ప్రయోగం కొనసాగింది. ఒక మనిషి జీవితమంతా పట్టే పని అది. దుకాణంలో డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్న జంతువులో ఆ పని జరిగి ఉండదు. అది మన ఇంట్లో ఉంటుంది కానీ మన ఇంటిది కాదు.

దూరదేశపు జంతువుల మీద మోజు ఈనాటిది కాదు. సొలోమోను రాజు ఓడలు మూడేళ్ళకొకసారి బంగారం, వెండి, దంతాలతోపాటు కోతులను, నెమళ్ళను తెచ్చేవని రాజుల మొదటి గ్రంథం చెబుతుంది. అంతకంటే మనం తెలుసుకోదగిన కథ రోమునగరంలోనే జరిగింది. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

1514లో పోర్చుగల్ రాజు మాన్యుయేల్, పదవ లియో పోపుగారికి ఒక తెల్ల ఏనుగును కానుకగా పంపాడు. (లియో అనే పేరునే మన పెద్దలు సింహరాయలు అని తెలుగు చేసుకున్నారు. సింహరాయలవారికి ఏనుగు కానుక!) అది మన దేశపు ఏనుగే. పోర్చుగీసు ఓడల్లో లిస్బనుకు వెళ్ళింది, అక్కడి నుండి మళ్ళీ ఓడలో ఇటలీ తీరానికి, అక్కడి నుండి కాలినడకన రోముకు. దారిపొడవునా జనం ఇళ్ళ కప్పులెక్కి చూశారు. ఊరేగింపుగా వచ్చి పోపుగారి ఎదుట మూడుసార్లు మోకరిల్లింది. తొండంతో నీళ్ళు పీల్చి జనం మీద చిమ్మింది. రోమునగరం పరవశించిపోయింది. హన్నో అని పేరు పెట్టారు. వాటికన్ దగ్గరే దానికొక ఇల్లు కట్టించారు.

పోపుగారికి ఆ ఏనుగంటే నిజంగా ప్రాణం. ఆ కాలపు చరిత్రకారులు ఆ మాటను దాచలేదు, కొందరు ఎగతాళి కూడా చేశారు. రెండేళ్ళు గడిచాయి. 1516 జూన్‌లో హన్నోకు జబ్బు చేసింది. పోపుగారు తమ వైద్యులనే పిలిపించారు. రోములో అంతకంటే మంచి వైద్యులు ఎక్కడుంటారు? వారు బంగారం కలిపిన విరేచన మందు తయారుచేసి దానికి పట్టించారు. ఏనుగు చనిపోయింది. దాని వయసు అప్పటికి ఏడేళ్ళో ఏమో. ఏనుగుకు అది బాల్యం. పోపుగారు దుఃఖించి, దాని స్మారకచిత్రాన్ని రఫాయేలు అంతటి చిత్రకారుని చేత వేయించారు, సమాధి మీది వాక్యాలు తామే రాశారు.

ఈ కథలో నన్ను ఆపేది ఆ మందు. పోపుగారు ఏనుగుకు ఏమి తక్కువ చేశారు? మనుషుల లోకంలో అన్నిటికంటే విలువైనది ఏదో దాన్నే ఇచ్చారు. లోపం ప్రేమలో లేదు. బంగారం ఎవరికి విలువైనది? మనకు. ఏనుగుకు కావలసింది రోజంతా నడక, గుంపు, మడుగు, మేత. హన్నో వచ్చిన రెండేళ్ళలో మరో ఏనుగు ముఖం చూసి ఉండదు.

అదే రాజు ఆ వెంటనే ఒక ఖడ్గమృగాన్ని కూడా పోపుగారికి పంపాడు. అదీ మనదే, గుజరాత్ సుల్తాను పోర్చుగీసువారికి ఇచ్చినది. 1516 ఆరంభంలో ఇటలీ తీరంలో ఓడ మునిగింది. ఖడ్గమృగం బాగా ఈదగలదు. కానీ ఓడకు గొలుసులతో కట్టి ఉండడంవల్ల మునిగిపోయింది. ఆ మృగం లిస్బనులో దిగిన 1515లోనే జర్మనీలో డ్యూరర్ అనే చిత్రకారుడు దాన్ని చూడకుండానే, ఎవరో పంపిన రేఖాచిత్రం, ఉత్తరం ఆధారంగా దాని బొమ్మ గీశాడు. ఒంటిమీద లోహపు కవచం తొడిగినట్లున్న ఆ బొమ్మనే యూరపు ప్రజలు రెండువందల ఏళ్ళకు పైగా నిజమైన ఖడ్గమృగం అనుకున్నారు. చూడకుండా గీసినవాడిని తప్పు పట్టలేం. రోజూ ఎదురుగా పెట్టుకొని కూడా ప్రాణిని చూడకపోవడం మాత్రం మన ఇళ్ళలో జరుగుతున్నది.

ఇప్పుడు ఇగువానా దగ్గరకు రండి. అది మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో నీటి ఒడ్డున చెట్ల చిటారుకొమ్మల మీద ఎండ కాచుకుంటూ బ్రతికే ప్రాణి. ఆకులు తింటుంది. దుకాణంలో అమ్మేటప్పుడు జానెడు ఉంటుంది, పచ్చగా, మెరుస్తూ. తొండ ముదిరితే ఊసరవెల్లి అన్నారు మనవాళ్ళు. ఇది ముదిరితే తోకతో కలిపి అయిదడుగులు దాటుతుంది. సరిగ్గా చూస్తే పదిహేనేళ్ళు బ్రతుకుతుంది. పదవ తరగతి కుర్రవాడికి అప్పటికి పెళ్ళయి పిల్లలుంటారు.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఒంటికి తగిలితేనే ఇగువానా శరీరంలో డి విటమిన్ తయారవుతుంది. అది ఉంటేనే తిన్న ఆహారంలోని కాల్షియం ఎముకకు పడుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. మామూలు బల్బు వెచ్చదనం ఇస్తుందే గాని ఆ కిరణాలను ఇవ్వదు. ప్రత్యేకమైన దీపం కావాలి, దాన్ని కూడా కొన్ని నెలలకొకసారి మార్చాలి. ఇవేవీ లేకపోతే ఏమవుతుందో తెలుసా? ఎముకలు మెత్తబడతాయి. దవడ ఉబ్బుతుంది, తొడలు లావెక్కుతాయి. చూసేవారికి అది బాగా తిని బొద్దుగా తయారైనట్లు కనిపిస్తుంది. “చూడండి, మా దగ్గరికొచ్చాక ఎంత ఒళ్ళు చేసిందో” అని ఇంటివారు ముచ్చటపడుతున్న రోజుల్లో దాని ఎముకలు విరగడానికి సిద్ధంగా ఉంటాయి.

అది ఏడవదు. కుక్కలా మూలగదు. బల్లిజాతి ముఖంలో మనకు చదవడానికి వీలైన కండరాలు లేవు. పైగా, అడవిలో జబ్బు పడ్డట్టు కనిపించిన ప్రాణి మరొకదానికి ఆహారమవుతుంది కాబట్టి, బాధను బయటపెట్టకపోవడమే దానికి పుట్టుకతో వచ్చిన విద్య. కదలకుండా కూర్చుంటే ప్రశాంతంగా ఉందనుకుంటాం. చేతిలోకి తీసుకున్నప్పుడు కళ్ళు మూసుకుంటే మన స్పర్శ ఇష్టపడిందనుకుంటాం. భయపడిన ఇగువానా కూడా కళ్ళు మూసుకుంటుంది.

పునీత తోమాసు అక్వినాసువారు, అరిస్టాటిల్‌ను అనుసరించి, ప్రేమించడమంటే ఒకరికి మేలు కోరడమే అని నిర్వచించారు. సెమినరీలో ఈ నిర్వచనాన్ని కంఠస్థం చేసే రోజుల్లో ఇది మరీ చప్పగా ఉందే అనిపించేది. వయసు పెరిగేకొద్దీ దాని పదును తెలుస్తున్నది. మేలు కోరాలంటే ఆ మేలు ఏమిటో తెలియాలి. నా మేలు కాదు, దాని మేలు. తెలియనప్పుడు, తెలుసుకొనే వీలు కూడా లేనప్పుడు, మన గుండెల్లో ఎంత పొంగినా అది ప్రేమ అనే పేరుకు పూర్తిగా తగదు.

ఆయనే మరోచోట, గుర్రంతోనో ద్రాక్షారసంతోనో స్నేహం చేస్తున్నానని ఎవరైనా అంటే అది నవ్వదగిన మాట అంటారు. గుర్రం సంగతిలో ఆయనతో నాకు కొంచెం పేచీ ఉంది. ఒంగోలు గిత్తకు సొంత చేత్తో ఉలవలు ఉడికించి పెట్టి, దానికి సుస్తీ చేస్తే తానూ అన్నం మానేసే రైతును ఆయన చూసి ఉంటే, ఆ వాక్యానికి మరో వాక్యం చేర్చి ఉండేవారు. కానీ ఆయన చేసిన విభజన గొప్పది. ఒకదాన్ని దాని కోసం ప్రేమించడం వేరు, నా కోసం ప్రేమించడం వేరు. ద్రాక్షారసం నాకిష్టం అంటే దాని బాగు కోరుతున్నానని కాదు, త్రాగాలని ఉంది అని. రెంటికీ వాడే మాట ఒకటే కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

వింతజంతువును కోరుకునేటప్పుడు ఈ రెండింటిలో ఏది పనిచేస్తున్నదో తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఆ జంతువును కొన్నాక ఎవరికీ చూపించరాదు, ఫోటో తీయరాదు, ఎవరితోనూ చెప్పరాదు అని షరతు పెట్టండి. అప్పుడు కూడా కావాలా? ఊరకుక్క పిల్లను తెచ్చుకున్నవాడు ఈ షరతుకు ఒప్పుకుంటాడు. పంచరంగుల మకావ్ చిలుకను లక్షలు పోసి కొన్న ఆసామి ఒప్పుకుంటాడా అన్నది నాకు సందేహమే. ఆ డబ్బు సంగతి కూడా ఒక్కమాట. జంతువులను ప్రేమించవచ్చు గాని, మనుషుల దుఃఖాన్ని తీర్చడానికి ముందుగా వెళ్ళవలసిన డబ్బును వాటి మీద పోయడం తగదని మన శ్రీసభ సత్యోపదేశం స్పష్టంగా బోధిస్తుంది. పొరుగింటి పిల్ల ఫీజు కట్టలేక బడి మానేసిన వీధిలో ఆ గాజుపెట్టె వేరేలా కనిపిస్తుంది.

ఇక్కడ మీలో ఒకరు నన్ను నిలదీయవచ్చు. “ఫాదర్ గారూ, ఆదివారం మధ్యాహ్నం మీరూ కోడికూర తింటారు కదా. ఆ కోడి ఏ పెట్టెలో పెరిగింది?” న్యాయమైన ప్రశ్న. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందువరుసలో ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఆ గుడ్లు పెట్టే కోళ్ళలో అత్యధికం రెక్క చాచడానికి వీల్లేని, ఒక తెల్లకాగితమంత చోటులో బ్రతుకు వెళ్ళదీస్తున్నాయి. 2017లో జాతీయ లా కమిషన్ కూడా ఈ ఇనుప గూళ్ళ గురించి ఆందోళన చెప్పింది. ఆహారం అవసరం, ఇగువానా సరదా అని నేను జవాబు చెప్పగలను, ఆ తేడా నిజమైనదే. కానీ అది సగం జవాబు. ఒక బాకీ ఉందని రెండో బాకీ చేయడం సబబు కాదని మాత్రం అనగలను. కోళ్ళ సంగతి మరో వారం రాయవలసిందే.

“విదేశీ వింత” అనే మాటను కూడా ఒకసారి తిరగేసి చూద్దాం. వింత అనేది జంతువులో లేదు, చూసేవాడు నిలబడ్డ చోటులో ఉంది. మన రాయలసీమ మెట్టభూముల్లో, ముళ్ళపొదల మధ్య నక్షత్ర తాబేలు తిరుగుతుంది. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. పశువులు కాసే పిల్లలకు అది వింత కాదు. కానీ తూర్పు ఆసియా దేశాల్లో అది ఎంతో మోజున్న పెంపుడు జంతువు. ప్రపంచంలో అత్యధికంగా దొంగరవాణా అయ్యే తాబేళ్ళలో ఇదొకటి. పొలాల్లో ఏరినవానికి దక్కేది కొద్ది రూపాయలు. వందలకొద్దీ తాబేళ్ళను కదలకుండా కట్టి, సూట్‌కేసుల్లో బట్టల మధ్య కుక్కి విమానాలెక్కిస్తారు. చాలా చనిపోతాయి. 2019లో అంతర్జాతీయ ఒప్పందం దాన్ని పూర్తి నిషేధపు జాబితాలోకి ఎక్కించింది.

ఆ పసుపు గీతలు ఎందుకున్నాయో తెలుసా? ఎండుగడ్డి నీడల్లో తాబేలు ఆకారం కనబడకుండా ఉండడానికి. సృష్టికర్త దాన్ని దాచడానికి ఇచ్చిన వస్త్రమే బ్యాంకాక్ గాజుపెట్టెలో దాన్ని ప్రదర్శనకు పెట్టింది. మన గడ్డమీది ప్రాణిని ఎవరో కుర్రవాడు అక్కడ ప్రాణంలా చూసుకుంటున్నాడు. అది తలచుకుంటే మనకు కలిగే బాధ ఉంది కదా, మన ఊరి ఇగువానాను తలచుకుని బాధపడే పల్లె ఒకటి అమెజాన్ ఒడ్డున ఉంటుంది. ఇగువానాలను ఈరోజుల్లో ఫారాల్లో పుట్టిస్తున్నారు కదా అనవచ్చు. నిజమే, అడవికి జరిగే నష్టం కొంత తగ్గుతుంది. గాజుపెట్టె మాత్రం మారదు. ఫారంలో పుట్టినా దాని ఎముక అడిగేది ఆ ఎండనే.

ఇక, మోజు తీరాక జరిగేది. రూపాయి బిళ్ళంత తాబేలు కొన్నేళ్ళకు అన్నం కంచమంత అవుతుంది. తొట్టి చాలదు, వాసన వేస్తుంది. చంపడానికి చేతులు రావు. పుణ్యానికి పోయినట్లు ఊరి చెరువులో వదిలేస్తారు. అక్కడ అది మన చెరువు తాబేళ్ళ తిండి, చోటు లాక్కుంటుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలాగే పెంచి వదిలిన, ఫారాల నుండి తప్పించుకున్న బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో పెరిగిపోయాయి. 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అవి చాలాకాలంగా స్థిరపడ్డ ప్రాంతంలో రాకూన్ అనే జంతువు కనబడడం 99 శాతం తగ్గిపోయింది. 2022 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగురి ప్రాంతంలో రోడ్డు పక్కన కంగారూలు ఎముకలగూళ్ళలా తిరుగుతూ కనిపించాయి. దొంగరవాణా చేసేవారు దొరికిపోతామని వదిలేసి ఉంటారని అధికారులు భావించారు. కంగారూలకు బెంగాల్ ఏమి తెలుసు?

అంత దూరం ఎందుకు? కృష్ణా తీరంలో చేపలు పట్టి బ్రతికే మన కుటుంబాలను అడగండి. వాళ్ళు “డెవిల్ ఫిష్” అని తిట్టుకునే చేప ఒకటుంది. ఒళ్ళంతా గట్టి పెంకు, ముళ్ళు. దక్షిణ అమెరికా చేప అది. అక్వేరియం గాజుకు అంటుకుని నాచు తింటుంది, తొట్టి శుభ్రంగా ఉంటుంది అని దుకాణాల్లో అమ్ముతారు. పెరిగాక ఎవరో ఒకరు కాలువలో వదిలారు. ఇప్పుడు అది వలలో పడితే ముళ్ళతో వల చీలుతుంది, మిగతా చేపలు జారిపోతాయి, దాన్ని కొనేవాడు లేడు. ఎక్కడో ఒక మేడమీద ఇంట్లో దయతో చేసిన పనికి, తెల్లవారుజామున నీళ్ళలో నిలబడ్డ మనిషి తన వలతో వెల కడుతున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడరు.

జంతువులంటే మనకు వెంటనే గుర్తొచ్చేది అస్సీసిపుర పునీత ఫ్రాన్సిసువారు. ఆయన పండుగనాడు, అక్టోబరు 4న, కొన్ని విచారణల్లో జంతువులను తెచ్చి ఆశీర్వాదం పొందుతారు కూడా. ఆయన జీవితం రాసిన చెలానో తోమాసు ఒక సంగతి చెబుతాడు. గ్రెచ్చో గ్రామంలో ఉచ్చులో చిక్కిన కుందేలుపిల్లను ఒక సోదరుడు ఫ్రాన్సిసువారి దగ్గరకు తెచ్చాడు. ఆయన ఎందుకు చిక్కుకున్నావని దాన్ని ముద్దుగా మందలించి ఒడిలోకి తీసుకున్నారు. తరువాత, వెళ్ళిపొమ్మని నేలమీద వదిలారు. అది వెళ్ళలేదు. మళ్ళీ ఒడిలోకే ఎక్కింది. మళ్ళీ దించారు, మళ్ళీ ఎక్కింది. ఇలా ఎన్నిసార్లు వదిలినా అది తిరిగొస్తుంటే, చివరకు ఆయన సోదరులను పిలిచి దాన్ని దగ్గరలోని అడవిలో విడిచి రమ్మన్నారు.

ఎవరికైనా సరే, అది తనంతట తానే వస్తున్నది కదా, ఉంచుకుంటే తప్పేమిటి అనిపిస్తుంది. మనమైతే ఆ కుందేలుకు ఒక పేరు పెట్టి, బుట్ట కొని ఉండేవాళ్ళం. ఫ్రాన్సిసువారికి దానిమీద ప్రేమ తక్కువై పంపలేదు. ఈ కథను ఆ కుర్రవాడికి చెప్పమని తండ్రిని కోరాను. ఇగువానా వద్దని ఊరికే చెబితే పదవ తరగతి పిల్లవాడు వినడు. ఒక వారంపాటు దాని గురించి చదివి, ఎంత చోటు కావాలో, ఏ దీపం కావాలో, మన జిల్లాలో దానికి వైద్యం చేయగల పశువైద్యుడు ఎక్కడున్నాడో కాగితం మీద రాసి తెమ్మనండి అని కూడా చెప్పాను. గాయపడ్డ కుక్కపిల్లకు కట్టు కట్టగల చేతులు కదా, ఊళ్ళో వాటికి పని దొరక్కపోదు.

ఇప్పటికే ఇలాంటి ప్రాణి ఇంట్లో ఉన్నవారికి కొన్ని మాటలు. భయపడి దాన్ని చెరువులోనో తోపులోనో వదలకండి. అది దానికీ మరణమే, ఇతర ప్రాణులకూ ముప్పే. నమోదు చేయించని విదేశీ జంతువు అయితే అటవీశాఖవారిని కలిసి ఏమి చేయాలో అడగండి. రామచిలుక, నక్షత్ర తాబేలు వంటి మన దేశపు వన్యప్రాణి అయితే వారికే అప్పగించండి. పంజరంలో పెరిగినదాన్ని మీరే ఎగరవేస్తే రెక్క బలం లేక సాయంత్రానికి కాకుల పాలవుతుంది. పెట్టె చిన్నదైతే పెద్దది చేయండి. తోడు కోసమంటూ ఇంకొకదాన్ని కొనకండి. బూడిదరంగు చిలుక బాగా చూసుకుంటే నలభై, యాభై ఏళ్ళు బ్రతుకుతుంది. అరవయ్యవ ఏట దాన్ని తెచ్చుకున్నవారు, తమ తరువాత దాన్ని ఎవరు చూస్తారో కొడుకులతో, కోడళ్ళతో ఈ పండుగకు అందరూ కలిసినప్పుడే మాట్లాడుకోవాలి. వాళ్ళు మావల్ల కాదంటే, కాదన్న సంగతి చిలుక ఇంకా మీ చేతిలో ఉండగానే తెలియడం మంచిది.